చెంబులో క్యాన్ నీళ్లు

పటాన్‌చెరు
ఆగస్టు 10, ఆదివారం

నానమ్మా,

నిన్న ఈ ఉత్తరం రాస్తుంట సీసా మూతల దగ్గర ఆపిన. మమ్మీ లోపలికి వచ్చింది, కాయితం కెమిస్ట్రీ బుక్కుల దాచేసిన. మళ్లా అక్కడి నుంచే రాస్తున్న. పాత సీసాల మూతలు గట్టిగ లేవు. గాలి పోయి ఎల్లిపాయ కారం గడ్డ కడుతున్నది. ఒక ఆంటీ ఫోటో తీసి అందరూ చూసేటట్టు పెట్టింది. రెండు రోజులు నాకు అన్నం దిగలే. కొత్త మూతలు తెప్పించిన.

డబ్బల ఉత్తరం ఏందని ఐలన్న మామ నవ్విండంట కదా. నేనేం చెయ్యాలె? మీకు ఫోన్ చేస్తే తాత స్పీకర్ పెడ్తడు, వాడకట్టంత వింటది. ఇక్కడ నా ఫోన్ డాడీ చెక్ చేస్తడు. ఎవరన్న డబ్బ ఇస్తే ఖాళీగ వాపస్ పంపొద్దు, చెక్కరన్న ఏసి పంపాలె అని నువ్వే నేర్పినవ్. నేను ఉత్తరం ఏస్తున్న. మామ కూరగాయల ఆటోల నీ పొడి డబ్బ తెచ్చి నా ఫ్రెండ్ మహిత వాళ్ల కిరాణా షాపుల పెడ్తున్నడు. నేను కాలేజ్ నుంచి వచ్చేటప్పుడు అక్కడనే సీసాలల్ల నింపుతున్న. మమ్మీకి ట్యూషన్ అని చెప్పిన.

ఇప్పుడు మంచి మాట. మహిత ఫోన్‌ల నడుపుతున్న మన ఇన్‌స్టా పేజీని పదకొండు వేల మంది ఫాలో అవుతున్నరు. 'పచ్చబొట్టు' అని పేరు పెట్టిన కదా, నీ మణికట్టు మీది తేలు బొమ్మనే లేబుల్ మీద కూడా వేయించిన. ఆన్‌లైన్ బిజినెస్ క్లాసుల సార్ ఏమన్నడంటే, సరుకు కాదు, మనిషిని చూసి కొంటరు, మీ ముఖం చూపియ్యండి, మీ కథ చెప్పండి అన్నడు. నా ముఖం చూపిస్తే డాడీ చంపేస్తడు. అందుకే నీ చేతులు చూపించిన. "మా చెల్క, మా బావి, మా నానమ్మ చెయ్యి." గదే మన కథ.

బావి దగ్గర తీసిన వీడియో గుర్తుందా? నువ్వు చెంబెత్తి నీళ్లు తాగినవ్. మొదటిసారి తీసినప్పుడు మంచినీళ్ల నీలం క్యాన్ కనబడ్డది, నువ్వు నవ్వినవ్, అందుకే మళ్ల తీసినం. రెండోసారిది పెట్టిన. నా గొంతు ఎవరూ గుర్తుపట్టకుండ యాప్‌ల మార్చి, "యాభై ఏండ్ల నుంచి మేం తాగే నీళ్లు ఇవే" అని చెప్పిన. వానలకు చెల్క నిండ గడ్డి మొలిచింది కదా, వీడియోల అది పంట లెక్క కనబడ్డది. నాలుగు లక్షల మంది చూసిన్రు నానమ్మా. సంతోషమే, కానీ ఆ క్యాన్ మాటిమాటికి గుర్తుకొస్తున్నది.

మొన్న ఒక అంకుల్ మెసేజ్ పెట్టిండు. ఏ ఊరు తల్లీ, బావి ఎవరిది, పాట లేకుండ అసలు వీడియో పంపు, పెద్ద స్క్రీన్ మీద వేస్తం అని. పెద్ద షాపోళ్లు అనుకుంట. నేను వీడియో పంపిన. నాకు ఆరోజు నిద్ర పట్టలే, సంతోషంతోని.

మిర్చి ఉన్నయా? ఈసారి రెండు డబ్బలు పంపు.

నీ నిషిత

*

గుమ్మడిదల దిక్కు, మన ఇంటికాడ
బుధవారం

బిడ్డా నిషితా,

నీ ఉత్తరం అందింది. రాత్రిబడిల నేర్సిన అచ్చరాలు, నాకు శానసేపు పడ్తది రాయనీకె. తప్పులుంటె నవ్వకు.

మిర్చి మొన్ననే తెప్పిచ్చిన. పటాన్‌చెరు మార్కెట్ల కొన్న మిర్చి ఐలన్న ఆటోల ఊరికొచ్చి, రోట్ల పడి పొడై, అదే ఆటోల మళ్ల పటాన్‌చెరుకే పోతున్నది. దానికి కూడ బస్‌పాస్ ఇప్పియ్యాలె. ఎల్లిపాయలు, నువ్వులు కూడ అంగడియే. మన చెల్కల ఏమన్న పండితె కదా.

తేలు బొమ్మ సీసా మీద ఎక్కిందంటె నవ్వొచ్చింది. పచ్చబొట్టామె సూది జారి తోక కాడ ఒక సుక్క ఎక్కువ పడ్డది. అది కూడ పెట్టినవా లేదా? పెట్టకుంటె అది నా తేలు కాదు.

ఒక ముచ్చట. మన బావిల బొక్కెన ఏసి ఆరేండ్లు. ఆ నీళ్లతోని బట్ట ఉతికితె ఒళ్లంత దురద. బోరు కూడ రంగు నీళ్లే పోస్తున్నది. ట్యాంకర్ వచ్చినరోజే మాకు నీళ్లు, లేకుంటె క్యాను. అందుకె తాత అర్జీ పెట్టిండు, రంగు నీళ్లు ఇడిసే ఆ పక్క కంపెనీ మీద. నీకు ఎరుకే. రాసింది మీ నాయిననే, నైట్ డ్యూటీ దిగొచ్చి నిద్రలేకుంట కూసొని రాసిండు. నలభై ఇండ్లు సంతకం పెట్టినయి. మొదటి సంతకం తాతది. పంతొమ్మిది తారీఖు సంగారెడ్డిల విచారణ. ఆఫీసర్లు ఒప్పుకుంటె నీళ్లు పరీచ్చ చేపిచ్చి, ఇంటింటికి నల్లా ఇస్తరంట. తాత ధోతి ఇప్పటికె ఇస్త్రీ చేపిచ్చిండు, పెండ్లికి పోతున్నట్టు.

నువ్వు తీసిన సినిమాల మన బావి అని పేరు పెట్టినవా? చెంబు పట్టుకొమ్మన్నవ్, పట్టుకున్న. ఎందుకని అడగలే. ఇప్పుడు అడుగుతున్న.

రెండు డబ్బలు పంపిన.

సత్తెమ్మ

*

పటాన్‌చెరు
ఆగస్టు 16, శనివారం

నానమ్మా,

సుక్క పెట్టిన. తోక దగ్గర. అది లేకుంటే నాకు కూడా నచ్చలే.

అర్జీ సంగతి నాకు తెలుసు కానీ విచారణ ఇంత జల్దీ అని తెలియదు. డాడీ ఇంట్ల ఏం చెప్పడు. డ్యూటీ నుంచి వచ్చి ఫైలు ముందట పెట్టుకొని కూర్చుంటడు, మేం టీవీ సౌండ్ తగ్గించాలె, అంతే.

బావి ఎవరిదని నేను ఎక్కడా పెట్టలే. ఊరి పేరు కూడా పెట్టలే. గుమ్మడిదల దగ్గర ఒక ఊరు అన్న, గంతే. ఎన్ని ఊర్లు లేవు? నువ్వు ఫికర్ చెయ్యకు. ఆఫీసర్లు ఇన్‌స్టా చూస్తరా?

నేను వీడియో తీసేద్దామా అని కూడా అనుకున్న. కానీ అది తీసేస్తే ఆర్డర్లు ఆగిపోతయి. ఇప్పుడిప్పుడే మనుషులు నన్ను నమ్ముతున్నరు. 'ఫౌండర్' అని నా పేజీల రాసుకున్న, పేరు లేకుండ. ఒక అక్క మెసేజ్ పెట్టింది, నీ వీడియోలు చూసి నేను కూడా ఏదన్న మొదలుపెడుత అని. కాలేజ్‌ల లాస్ట్ బెంచ్‌ల కూర్చునే నన్ను ఎవరూ అట్ల అనలే నానమ్మా. నేను ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్న.

పంతొమ్మిది నాడు నువ్వు కూడా పోతున్నవా? పోకు. ఎండ ఉంది. ఇంట్లనే ఉండు.

తాతకు ఆల్ ది బెస్ట్ చెప్పు. చెప్పకు, ఎట్ల తెలిసింది అంటడు.

నిషిత

*

ఇంటికాడ
శుక్రవారం

నిషితా,

విచారణ అయింది. ఏం తేలలే. సెప్టెంబర్ పన్నెండుకు వాయిదా ఏసిన్రు.

తాత బాగనే ఉన్నడు. అన్నం సగమే తింటున్నడు.

పొడి పంపుతలేను. చేతులు నొస్తున్నయి. నువ్వు మంచిగ సదువుకో. ఈ డబ్బ ఐలన్నకు ఖాళీగనే ఇయ్యి. ఏం ఎయ్యకు.

సత్తెమ్మ

*

పటాన్‌చెరు
ఆగస్టు 24, ఆదివారం

నానమ్మా,

ఖాళీగ ఇయ్యి అన్నవ్. నేను ఇస్తలేను. కోపం చేసుకో కానీ చదువు.

నిన్న డాడీ ఫస్ట్ షిఫ్ట్ నుంచి వచ్చిండు. స్నానం చెయ్యలే, యూనిఫాం విప్పలే. కుర్చీల కూర్చొని ఫోన్ తీసిండు. నేను రైస్ పెట్టుకుంటున్న. ఫోన్‌ల నుంచి నా గొంతు వచ్చింది. యాప్‌ల మార్చిన గొంతు. "యాభై ఏండ్ల నుంచి మేం తాగే నీళ్లు ఇవే." నా చేతుల గంటె అట్లనే ఆగిపోయింది.

మమ్మీ అడిగింది, "ఏందది?"

"అర్జీ మునిగింది గిదాంతోనే," అన్నడు డాడీ. "కంపెనీ వకీలు పెద్ద టీవీ పెట్టి ఆఫీసర్ల ముందట ఏసిండు. అర్జీ పెట్టిన అంజయ్య గారి బావే, ఆయన ఇంటామెనే తాగుతున్నది చూడుండ్రి సార్, చెల్క పచ్చగ ఉన్నది చూడుండ్రి అన్నడు. మా బాపు నిలబడ్డోడు కూసున్నడు."

"ఆమెనే అని ఎట్ల తెలుస్తది? ముఖం లేదు కదా."

"తేలు చూడు. తోకకాడ సుక్క చూడు. నన్నెత్తుకొని పెంచిన చెయ్యి, నాకు తెల్వదా?"

మళ్ల ఏసిండు. ఏడుసార్లు ఏసిండు నానమ్మా, నేను లెక్కపెట్టిన.

"ఎవరో పట్నం పిల్ల వచ్చి వీడియో తీసుకపోయిందంటది అమ్మ," అన్నడు. "ఆ పిల్ల నాకు దొరకాలె."

"దొరికితే కొడ్తవా?"

"కొట్టుడేంది. అడుగుత. ఆ చెంబుల నీళ్లు ఎక్కడివి అని ఒక్క ముక్క రాసియ్యమంట. గదొక్కటి చాలు, అర్జీ మళ్ల నిలబడ్తది."

తర్వాత ఫోన్ బల్ల మీద పెట్టి నా దిక్కు చూసిండు. "నిషీ, నీకు ఇన్‌స్టా లేదు కదా?"

"లేదు డాడీ."

"గీ గొంతు ఎక్కడో విన్నట్టుంది నాకు."

నేను బాత్రూంల పోయి నల్లా తిప్పి కూర్చున్న. ఇక్కడ తిప్పితే నీళ్లు వస్తయి నానమ్మా. ఎంతసేపైనా వస్తయి. అది కూడా అప్పుడే అనిపించింది.

నీకు అబద్ధం చెప్పిన. ఊరి పేరు నేనే చెప్పిన. పెద్ద స్క్రీన్ అన్న అంకుల్‌కు అసలు వీడియో పంపిన. బావి ఎవరిది అంటే, అంజయ్య గారిది అని రాసిన. గారు కూడా పెట్టిన, మర్యాదగ ఉంటదని. నేను షాపుల టీవీ అనుకున్న.

పట్నం పిల్ల ఎవరు? నువ్వు అందరి ముందట ఏం చెప్పినవ్? నాకు చెప్పు. ప్లీజ్.

నిషిత

*

ఇంటికాడ
ఆగస్టు 30

బిడ్డా,

అడిగినవ్ కాబట్టి జెప్తున్న.

ఆ రోజు నేను కూడ పోయిన. నువ్వు పోకు అన్నవ్, అప్పుడే నాకు ఏదో అనిపిచ్చింది. ఎండకు భయపడే మనిషినా నేను? టీవీల నా చెయ్యి వచ్చింది. ఇంత పెద్దగ. మన పక్కింటి ముత్యమ్మ నా పక్కకే కూసున్నది. టీవీ దిక్కు సూసింది, నా మణికట్టు దిక్కు సూసింది, కొంగు సదురుకొని ఒక కుర్చీ అవతలకి జరిగింది. తిట్టినా బాగుండు.

ఆఫీసరమ్మ అడిగింది, మీరేనా అని. నేనే అన్న. బావి నీళ్లేనా అన్నది. కాదమ్మా, క్యాన్ నీళ్లు అన్న. వకీలు నవ్విండు. ఇప్పుడు అట్లనే అంటరు మేడం అన్నడు. తీసింది ఎవరు అన్నరు. పట్నం నుంచి ఒక పిల్ల వచ్చింది, పేరు ఎరుక లేదన్న. తీసిన పిల్ల వచ్చి చెప్తె తప్ప మీ మాట ఒక్కటి పట్టుకోలేం అన్నది ఆఫీసరమ్మ. ఆమె మంచిగనే చెప్పింది.

బస్సుల వచ్చేటప్పుడు తాత కిటికీల నుంచి బయటికే సూసిండు. గుమ్మడిదల దిగినంక ఒక్క మాట అన్నడు. "సత్తెమ్మా, నలభై అయిదేండ్లల్ల ఇంటికొచ్చిన మనిషి పేరు నువ్వు అడగకుంట మంచినీళ్లు కూడ ఇయ్యలే." గంతే. మళ్ల అడగలే.

ఊర్లె సంగతి దాచి ఏం లాభం. ట్యాంకర్ కాడ మేము తెల్లారకముందే బిందె వరసల పెట్టి వస్తం. మనిషి లేకున్న బిందె ఉంటె ఆ మనిషి ఉన్నట్టే, ఎవ్వరు ముట్టరు. మొన్న పోయి సూస్తె నా బిందె వరసల లేదు. పక్కకు, గోడకు బోర్లిచ్చి ఉన్నది. ఎవరు తీసిన్రని అడగలే. అడిగితె ఎవరో ఒకరు జవాబు జెప్పాలె కదా. ఇంటికొచ్చిన.

ఇప్పుడు అందరు తాతను సంతకం తీసెయ్యమంటున్నరు. నీ ఇంటి ఆడిదే తాగినంక నీ పేరు ముందుంటె మా అందరి పేరు ఖరాబైతది అంటున్నరు. తాత గురువారం మీ ఇంటికొస్తడు, మీ నాయినతోని సంతకం వాపస్ తీసుకునే కాయితం రాపిచ్చుకోనీకె.

నువ్వు ఏం చెయ్యకు. మీ నాయినకు తెలిస్తె ఏమంటడో నాకె తెల్వదు. ఆ అర్జీ ఆయన రాసింది, దాన్ని పడగొట్టింది ఆయన బిడ్డనే అని ఊర్లె తెలిస్తె ఎట్ల తిరుగుతడు? నీకు ముందు సదువున్నది, నీ దుకాణం ఉన్నది. నేను ముసలిదాన్ని. నా పేరు పోతె నాతోనే పోతది. నేను మోస్త. నువ్వు గమ్మునుండు.

ఈ డబ్బల పొడి పెట్టిన. చేతులు నొస్తలేవు. అప్పుడు ఊకె అన్న.

నానమ్మ

*

పటాన్‌చెరు
సెప్టెంబర్ 4, గురువారం

నానమ్మా,

నీ ఉత్తరం పన్నెండుసార్లు చదివిన. బోర్లించిన బిందె దగ్గరికి వచ్చి ప్రతిసారి ఆగుతున్న.

నీకు ఇంకోటి దాచిన. మొదటిసారి తీసిన వీడియో నేను డిలీట్ చెయ్యలే. నీలం క్యాన్ కనబడ్డది అన్న కదా, అది. పాత ఫోన్‌ల ఉంది. రాత్రి దుప్పటి కప్పుకొని చూసిన. నువ్వు క్యాన్ వంచి చెంబుల పోస్తున్నవ్. "బావి ముందట పెట్టుకొని గీ క్యాన్ నీళ్లు తాగవట్టిన సూడే పిల్లా" అని నవ్వుతున్నవ్. వెనుక నా గొంతు. యాప్ లేదు, నా గొంతే. "నానమ్మా, క్యాన్ జరుపు, ఫ్రేమ్‌ల వస్తున్నది." తర్వాత నేనే ముందుకొచ్చి క్యాన్ జరిపిన. నా ముఖం మొత్తం కనబడ్తది. కాలేజ్ ఐడీ కార్డ్ కూడా మెడలనే ఉంది.

అది చూపిస్తే నీ మాట నిజమని తెలుస్తది. తాత సంతకం ఉంటది. పచ్చబొట్టు పోతది. నమ్మి కొన్నోళ్లు అందరూ దొంగ అంటరు, అనాలె కూడా. మా చెల్కల పండిన మిర్చి అని రాసిన నేను. ఆ అక్క కూడా చూస్తది, నన్ను చూసి ఏదన్న మొదలుపెడుత అన్న అక్క. డాడీ ఏం చేస్తడో తెలియదు. మొన్నటి నుంచి నా దిక్కు చూసినప్పుడల్ల ఆయనకు తెలుసు అనిపిస్తది. తెలిసి ఆగుతున్నడు అనిపిస్తది. అది ఇంకా భయం.

నాలుగు రోజులు నువ్వు చెప్పినట్టే గమ్మునుందాం అనుకున్న. నిజం చెప్తున్న, అదే అనుకున్న. నువ్వు మోస్త అంటే నాకు ముందు హాయిగ అనిపించింది. తర్వాత మహిత వాళ్ల షాపుల సీసాలు నింపుతుంటే లేబుల్ మీద నీ తేలు కనబడ్డది. వెయ్యి లేబుళ్లు ఉన్నయి. నీ చెయ్యి పెట్టి పేరు తెచ్చుకున్న, పేరు పోయేటప్పుడు కూడా నీ చెయ్యే ముందట పెట్టి నేను వెనుక నిలబడ్తున్న. సీసా పక్కన పెట్టేసి ఇంటికొచ్చిన.

ఆఫీసర్లకు రాసిన. రెండు పేజీలు. నా పేరు, మా డాడీ పేరు, కాలేజ్, రోల్ నంబర్. చెంబుల నీళ్లు ఇరవై లీటర్ల క్యాన్‌వి అని, ఊరి వాటర్ ప్లాంట్‌ల తెచ్చినం అని, చెల్కల ఉన్నది గడ్డి అని, మా నానమ్మకు ఎందుకో కూడా తెలియదు, నేను పట్టుకొమ్మంటే పట్టుకుంది అని. వీడియో మెమరీ కార్డ్‌ల ఎక్కించి అదే కవర్‌ల పెట్టిన. తాత చూసినంక పేజీల కూడా పెడుత. నా ముఖంతోని.

కింద నా సంతకం పెట్టిన. ఇరవై కన్నా ఎక్కువసార్లు ప్రాక్టీస్ చేసిన సంతకం అది. కంపెనీ పెద్దగయితే పేపర్ల మీద పెట్టాలని.

మమ్మీ వంటింట్ల ఉంది. డాడీ సెకండ్ షిఫ్ట్ మార్పించుకొని ఇంట్లనే ఉన్నడు, తాత వస్తడని. ఫైలు తీసి బల్ల మీద పెట్టిండు, వాపస్ కాయితానికి తెల్ల పేపర్ కూడా పెట్టిండు. పెన్ను మూత తీస్తున్నడు, పెడ్తున్నడు. గోడ అవతల నుంచి టిక్ టిక్ అని వినబడ్తున్నది నాకు. స్నానానికి పోతడేమో అని చూస్తున్న, పోతే ఒక్క నిమిషంల నా కవర్ ఆ తెల్ల పేపర్ మీద పెట్టి వచ్చేస్త. చేతికి ఇయ్యలేను నానమ్మా. అంత ధైర్యం లేదు. ముందటైతే పెట్టగలను.

పోయిండు. నల్లా సప్పుడు వస్తున్నది. ఉండు.

పెట్టి వచ్చిన. నువ్వు గమ్మునుండు అన్నవ్, నేను వినలే. నన్ను తిట్టు. కానీ నీ బిందె నువ్వే వరసల పెట్టు, ఎవరన్న ముడితే

తలుపు. చేతికట్టెతోని మూడు దెబ్బలు. బెల్ ఉందని తాత ఎప్పుడూ మరిచిపోతడు.

మమ్మీ పోతున్నది తియ్యనీకి. ఈ కాయితాలు నీ డబ్బల దాస్తున్న, ఇవి నీకే రావాలె. కవర్ మాత్రం దాయలే. గాలికి ఎగరకుండ మీద పొడి సీసా పెట్టిన, తేలు తలుపు దిక్కు ఉంది.